ట్రాలీకి వేరే గీత

మిర్యాలగూడల, ఊక ఎగిరే మిల్లుకు పై అంతస్తుల
నా గది.
ఏసీ ఉన్నది. నాకోసం కాదు, సర్వర్ కోసం.
రెండు ఎండాకాలాల సంది
దాని చలిల నేనూ ఇంత బతుకుతున్న.

ముప్పై ఆరు మెయిల్ పెట్టెలు నా చేతిల.
ఎవరి ఉత్తరం ఎవరు చదవొచ్చు,
ఎవరి పేరు మీద ఎవరు రాయొచ్చు,
చదివి ఊకోవాలె గని తుడిచెయ్యొద్దన్నది ఎవరికి,
అన్నీ గోటంత గడులు.
టిక్కు పెడితే తలుపు. తీస్తే గోడ.

పొద్దుగాల సేటు పిలిచిండు.
"కోటిలింగం పోయి నెల దాటె.
ఆయన పెట్టె ప్రసూనకు ఇయ్యి.
ఆయన లెక్కనే పంపనీ.
పేరు మారితే పాలక్కాడు పార్టీ పైకం ఆపుతది."

పోవుడంటే పని మానుడు కాదు.
కాటా రూములనే, చేతిల చాయ్ గిలాస ఉండంగనే పోయిండు.

రెండు గడులున్నయి నా ముందల.
ఒకటి: ఆయన తరఫున.
ఇంకోటి: ఆయన లెక్కనే.
మొదటిదాన్ల రాసిన మనిషి పేరు పక్కన కనబడ్తది.
రెండోదాన్ల చచ్చినోడే రాసినట్టు ఉంటది.
సేటు అడిగింది రెండోది.

ఇంతల కింద హారన్.
మల్సూరు వడ్ల ట్రాలీ కాటా మీద వదిలి
కార్డు పట్టుకొని మెట్లెక్కిండు.
"అక్కా, వాడపల్లి కాడ ఆపిండ్రు.
ట్రాక్టర్‌కు ఉన్నది, ట్రాలీకేదిరా అంటున్నరు.
ఇంజినే లేనిదానికి లైసెన్సేందక్కా?"

నవ్విన. నవ్వినంక ఊకున్న.
ఇంజిను లేనిదే గద, బరువంత.

స్లాట్ కోసం నా కంప్యూటర్ల కూసున్నం.
ఓటీపీ ఆయన భార్య ఫోనుకు పోయింది.
ఆమె కల్లంల ఉన్నది.
వడ్ల దురద చేతులు కొంగుకు తుడుచుకొని
ఒక్కొక్క అంకె చదివింది,
ఏడును మాత్రం రెండుసార్లు.
ఆమె చెప్పినంకనే
మల్సూరు మల్సూరని గవర్నమెంటు నమ్మింది.

మంగళవారం టెస్టు.
రెండు డ్రమ్ముల నడుమకు ట్రాలీని ఎనకకు నెట్టాలె.
పదకొండేండ్ల సంది ముందుకు లాగినోడు,
దామరచర్ల గుంతలన్నీ పేరు పెట్టి పిలుస్తడు,
ఎనకకు మాత్రం ఎన్నడు నెట్టలే.
ఎవరో ఒకలు కిందికి దిగి
తోసేటోళ్లు.

ట్రాలీ ఎడమకు పోవాలంటే
స్టీరింగ్ కుడికి తిప్పాలె.
చేతికి ఆ మాట చెప్పొచ్చు.
చెయ్యి వినాలె గద.
మోకాలు మడిచినట్టు మడత పడ్డది బండి.
డ్రమ్ము పక్కకు దొర్లింది.

"ముందుకు లాగుడు ఎడ్లకు గూడ వస్తది,"
అన్నడు ఇన్‌స్పెక్టర్, కోపం లేకుండనే.
"వారం ఆగి రా."

వచ్చేటప్పుడు చీకటి పడ్డది.
ట్రాలీ తోకకు నా ఎర్ర చున్నీ కట్టినం.
రేడియం స్టిక్కర్ కొంట కొంట అని
యాసంగి నుంచి అంటనే ఉన్నడు.

రాత్రి మళ్ల సర్వర్ ముందల.
మొదటి గడికి టిక్కు పెట్టిన.
ఎందుకో ఇప్పటికీ సరిగ్గ చెప్పలేను.
ప్రసూన పంపిన బిల్లు
"కోటిలింగం తరఫున ప్రసూన" అని పోయింది.

తెల్లారి పాలక్కాడు నుంచి జవాబు.
పైకం ముచ్చట లేదు. రెండే మాటలు.
కోటిలింగం గారికి ఏమైంది? బాగున్నరా?

ఈ నెలల ఆయనకు నలభై మూడు మెయిళ్లు వచ్చినయి.
అట్ల అడిగింది ఇదొక్కటే.

పైకం రెండు రోజులు ఆగింది.
సేటు నాతోని మూడు రోజులు మాట్లాడలే.

సాయంత్రం మిల్లు ఆగినంక
యార్డుల రెండు తౌడు బస్తాలు నిలబెట్టి
మల్సూరు ఖాళీ ట్రాలీని ఎనకకు నెడుతున్నడు.
నేను కిటికీల నుంచి చెయ్యి ఊపుతున్న.
నాకు రాని బండి, నాకు లేని అధికారం.
"ఎడమకు, ఎడమకు" అని అరుస్తున్న.
ఆయన తల ఊపి
కుడికి తిప్పుతున్నడు.