మూడో సంతకం

అర్జీకి మూడు సంతకాలు చాలంది ప్రభుత్వం.
మొదటిది నాది. రెజీన్ వెలెట్,
ఇరవై ఆరేళ్లు ఎడమకాలి బూటు పైతోలు కుట్టినదాన్ని.
రెండోది ఆర్మాండ్‌ది. నా ఎదుటి బల్ల, కుడికాలు.
మా ఇద్దరి పనీ కలిస్తేనే
ఎక్కడో ఎవరో ఒక మనిషి నడిచేవాడు.
మూడోది ఒడీల్‌ది,
క్యాంటీన్‌లో సూప్ కాచే మనిషి.
ఆ వేళకు గేటు దగ్గర ఇంకెవరూ లేరు.

మెయిన్‌లో మార్చి అంటే ఇంకా చలికాలమే.
నది మీద మంచుపలక పగిలే చప్పుడు
యంత్రాలు ఆగాకే మొదటిసారి విన్నాం.
నది ఉందని తెలుసు,
దానికో గొంతుందని తెలీదు.

యంత్రాల్ని విప్పి పెట్టెల్లో సర్దారు.
నా యంత్రం పెడల్ మీద
నా బూటు రాసుకుని రాసుకుని నల్లరంగు పోయి
అరచేయంత ఇనుము తేలింది.
అదీ వెళ్లిపోయింది.
ఇప్పుడక్కడ ఎవరి పాదమో దాని మీద ఉంటుంది.
ఆమె మీద నాకు కోపం లేదు.
అబద్ధం. ఉంది.
ఎక్కడ పెట్టాలో తెలీక
ఫ్రిజ్ మీద, కరెంటు బిల్లుల కింద పెట్టాను.

ఫారంలో ఆరో ప్రశ్న:
మీరు తయారుచేసిన వస్తువేది?
ఎడమ బూటు, అని రాశాను.
కౌంటర్ అమ్మాయి నవ్వలేదు,
పాదరక్షలు, అని దిద్దింది.
పదో ప్రశ్న:
మీ పని ఏ దేశానికి పోయింది?
ఈ కౌంటీ పొలిమేర దాటని నేను
నా పని చిరునామా కోసం
మనవడి స్కూలు అట్లాసు తిరగేశాను.
వాడే చూపించాడు. సముద్రంలో ఒక దీవి,
వాడి బొటనవేలు కింద మొత్తం మునిగిపోయింది.

జూన్‌లో ఉత్తరాలొచ్చాయి.
నాకు మంజూరు. ఆర్మాండ్‌కి మంజూరు.
రెండేళ్ల చదువు, చదివినంత కాలం చెక్కు.
ఒడీల్‌కి రెండు పేరాలు:
ఆమె ఏ వస్తువూ తయారుచేయలేదట,
ఆమె పని ఏ దేశానికీ తరలిపోలేదట.
నిజమే కాబోలు.
గురువారం బఠాణీ సూప్ సముద్రం దాటలేదు.
తాగేవాళ్లు లేరు, అంతే.
"నా గరిటె ఇక్కడే ఉందిగా,
మరి నా పనెక్కడికి పోయింది?" అంది ఒడీల్,
కోపంగా కాదు,
తాళంచెవి ఎక్కడో పెట్టి మరిచినట్టు.

యాభై ఎనిమిదో ఏట
పందొమ్మిదేళ్ల పిల్లల మధ్య కూర్చుని
ఆసుపత్రి బిల్లుల అంకెలు నేర్చుకుంటున్నాను.
విరిగిన ఎడమ మడమకి ఒక అంకె,
కుడి మడమకి వేరే అంకె.
ఆ ఒక్క పాఠం చప్పున ఎక్కింది.
మాస్టారు మెచ్చుకున్నాడు.
ఎందుకొచ్చిందో ఆయనకి చెప్పలేదు.

ఆర్మాండ్ మూడు వారాలకే మానేశాడు.
తోలు పట్టిన వేళ్లు
ఒకేసారి రెండక్షరాలు నొక్కుతాయి.
చదువు ఆగితే చెక్కూ ఆగింది.
చలికాలం రోడ్ల మీద మంచు తోసే బండి నడుపుతాడు.
వేసవిలో ఏం చేస్తావని
మేమెవరం అడగం.

ఒడీల్ పునఃపరిశీలన ఫారం
వాళ్ల వంటింటి బల్ల మీద నేనే నింపాను.
వస్తువు అన్న గడి దగ్గర కలం ఆగింది.
ఉల్లిపాయలు తరుగుతూ, తల ఎత్తకుండా అడిగింది:
"నా సంతకం లేకపోతే మీ అర్జీ చెల్లేదా?"
చెల్లేది కాదు, అన్నాను.
"అయితే అదే రాయి."

రాశాను.
తయారుచేసిన వస్తువు: ఒక సంతకం.
కౌంటర్ అమ్మాయి చదివింది, మళ్లీ చదివింది,
ఈసారి ఏమీ దిద్దలేదు.
తేదీ ముద్ర వేసి లోపలికి తీసుకెళ్లింది.

జవాబు ఇంకా రాలేదు.
గురువారాలు మాత్రం వస్తున్నాయి.