పేరు లేని బటన్

పర్లాకిమిడిలో కరెంటు పోయింది.
నేను టార్చి వెతుకుతున్నాను.
దండాసి పని ఆపలేదు.

"కంప్యూటర్లో 'పంపు' అంటంది,
ఫోన్లో ఉత్త 'బటన్' అంటంది.
ఏటి బటను బాబూ,
చొక్కాదా?"

ఇంకా ఉంది.
ఒడియా అక్షరం రాగానే
మేం రాసిన గొంతు మింగేస్తుంది,
మళ్ళీ తెలుగు తగిలేదాకా నోరు విప్పదు.
అతని పింఛను కాగితంలో సగం
ఆ నిశ్శబ్దంలోనే ఉంది.
దానికి ఇవాళ నా దగ్గర మందు లేదు.

బ్యాటరీ పదకొండు శాతం.
ఒక్క వరుస రాశాను,
బటన్‌కి పేరు.

వేలు జరిపాడు.
"పంపు."
వెనక్కెళ్ళి మళ్ళీ విన్నాడు.
"పంపు."

పంపలేదు.
"ముందు దీని జోరు పెంచు," అన్నాడు,
"నీకోసం నెమ్మదిగా మాటాడతంది."