పిడి

రమావత్ హన్యా చెయ్యి నాకు కొలతలతోని ఎరుక.
బొటనవేలు కాడికెల్లి చిటికెనవేలు దాకా
రెండు వేళ్లు తక్కువ జానెడు.
కుడి అరచేతి నడుమ రూపాయి బిళ్లంత కాయ.
పద్దెనిమిదేండ్లు పాలక్యాన్లు మోసిన బండి
ఆ కాయ కాసింది, చెట్టు కాసినట్టే.

ఏటిగడ్డ తండా నుంచి దేవరకొండ డెయిరీకి
ఇరవై ఆరు కిలోమీటర్లు.
తారు రోడ్డు పేరుకు తొమ్మిది.
మిగిలింది గుండ్రాళ్లు, వాగు ఇసుక, పల్లేర్లు.
ఆ తొవ్వ మీద వాడు నేర్చిన విద్య ఒక్కటే:
పాలు తొణకొద్దు.

నా దుకాణానికి బోర్డు లేదు.
పాత టైరు ఏలాడదీసిన, అదే బోర్డు.
మర్రిగూడ బోరునీళ్లు తాగి పెరిగిన వేళ్లు నాయి,
పానా పట్టుకుంటయి గని
పిడికిలి పూర్తిగ మూసుకోదు.
అందుకే పిడి సంగతి నాకు తెల్వాలె.

ర్యాలీ పోస్టరు పడ్డనాడు
హన్యా వచ్చి క్యాన్ల కొక్కేలు ఇప్పమన్నడు.
"గెలుస్తవారా?" అన్న.
"ఫీజు కట్టిన కాకా" అన్నడు.

పాత రబ్బరు పిడి కోసి పారేసిన.
జీపు ట్యూబు నుంచి వేలెడు పట్టీ చుట్టి,
దాని మీద గట్టుప్పల కొంగరి మార్కండేయ
మగ్గం కాడ తెగి రాలిన నూలు,
ఎరుపు, నలుపు, మళ్ల ఎరుపు,
చిక్కు సుత తియ్యకుండనే తడిపి బిగించి,
చుట్టు చుట్టుకు వాని చెయ్యి పట్టి చూసిన.
"జర లావు చెయ్యి కాకా."
చిటికెనవేలు కాడ సన్నం, నడుమ లావు,
వానకాలపు దోసకాయ లెక్క.
హ్యాండిలు కింద రెండు ఇనుప ముక్కలు పెట్టి
వేలెడు పైకి లేపిన.
నిలవడి తోలేటోనికి నడుము వంగొద్దు గద.

డిండి వాగు ఒడ్డున తెల్లారంగనే అరవై బండ్లు.
పట్నం పిల్లగాండ్లకు ఛాతీ కవచాలు, మోకాలి చిప్పలు.
ఒకని పిడికైతే వేడి పుట్టించే తీగలు సుత ఉన్నయి,
ఏప్రిల్ నెలల, నల్లగొండ జిల్లాల!
నేను నవ్వలే.
మంచుకొండలు చూసొచ్చిన బండి పాపం.
హన్యా నంబరు కాగితం కిందికెల్లి
డెయిరీ స్టిక్కరు తొంగి చూస్తనే ఉంది.

జెండా ఊపంగనే దుమ్ము.
దుమ్ముల అందరిదీ ఒక్కటే కులం.

రెండో చెక్‌పాయింటు కాడ బండ మీద కూసున్న.
కంటికి కానరాకముందే
వాని ఇంజను దగ్గు చెవికి అందింది.
నిలవడి వస్తుండు.
మోకాళ్లు మడుస్తున్నయి, లేస్తున్నయి,
మెడ మాత్రం బిందె ఎత్తుకున్నట్టు కదల్తలేదు.
పిడిని పట్టుకోలే వాడు,
నడక నేర్చే పిల్లకు ఇచ్చినట్టు వేలు ఇచ్చిండు.
ముందటోడు ఇసుకల దిగబడి
చక్రం ఊకె తిప్పుతుంటే
పక్కపొంటి పోయిండు.
క్యాన్లు లేవు.
ఉన్నట్టే తోలుతుండు.

పదకొండోడు.
కప్పు లేదు, టోపీ ఒకటిచ్చిన్రు.

వేడి పిడి పిల్లగాడు వచ్చి
హన్యా బండి మీదికి వంగి
బొటనవేలుతోని నూలు ఒత్తి చూసి
"అన్నా, ఏ కంపెనీ?" అన్నడు.
వాని అరచేతులల్ల పొక్కులు పగిలి ఉన్నయి.
హన్యా నా దిక్కు చూసిండు.
"గట్టుప్పల" అన్న.
ఫోన్ల చానాసేపు దేవులాడిండు. దొరకలే.
"కొలత ఇచ్చి పోరాదు" అన్న.
చెయ్యి చాపిండు.
మెత్తటి చెయ్యి. కాయ ఇంకా పిందె.

తెల్లారి నాలుగున్నరకు
కొక్కేలు మళ్ల బిగించిన.
నూలు మీద చెమట ఎండి ఉప్పు తేలింది.
ఎరుపేదో నలుపేదో, అంతా మట్టి రంగు.
"కడగాల్నా?"
"వద్దు కాకా."

మలుపు తిరిగేదాక చూస్త నిలవడ్డ.
గుంటల పడ్డది బండి, లేసింది.
పాలు తొణకలే.
నా చేతుల గిలాసల చాయ తొణికింది.