ఖాళీ చేతులు

గోరింటాకు పెట్టుకున్న చేతులు ఈ ఇంట్లో ఇరవై రెండు.
పనికొచ్చేవి నావి రెండే.

లెస్టర్‌లో ఫిబ్రవరి.
బస్సు డిపోలో అప్పజెప్పి యూనిఫాంతోనే వచ్చేసరికి
కోదండం అన్నయ్య సోఫాలు మేడమీదికి చేర్చి
హాలంతా దుప్పట్లు పరిచేశాడు.
రేడియేటర్ పక్కన చోటు కోసం
అరవై దాటిన ఆడవాళ్ళు పోట్లాడుకుంటున్నారు.
చల్లటి చేతికి గోరింటాకు పండదట.
ఈ ఊళ్ళో ఎవరి చెయ్యి ముట్టుకున్నా చల్లనే మరి.

ఎవింగ్టన్ రోడ్డు నుంచి వచ్చిన ఫర్హానా
తలెత్తదు, కోన్ ఆపదు.
మృదుల మోచేతుల దాకా తీగలు పాకించింది,
తీగల్లో నెమలి, నెమలి కంట్లో
చీమ తలంత అక్షరాల్లో పెళ్ళికొడుకు పేరు.
"వెతుక్కోనీ" అంది.
రాత్రి మొత్తంమీద ఆ పిల్ల మాట్లాడింది అంతే.

సూరీడమ్మత్తకి నచ్చలేదు.
"గోరింటాకా ఇది? లేసు కుట్టినట్టుంది!
అరచేతిలో చందమామ, వేళ్ళకి టోపీలు,
అంతకంటే ఏం కావాలే?"
పొడిలో టీ డికాషన్, చింతపండు పులుసు పోసి
తన గిన్నె తనే కలుపుకుంది.
తన చందమామలు తనే పెట్టుకుంది.
ఆ తర్వాత కళ్ళజోడు జారితే
పైకి తొయ్యమని నన్ను పిలిచింది.

అలా మొదలైంది.
ఒకరికి ముక్కు దురద, ఒకరికి నోట్లో వెంట్రుక.
ఫోన్లు మోగుతుంటాయి,
పచ్చటి బొటనవేళ్ళని ఏ ఫోనూ గుర్తుపట్టదు.
నేనే ఎత్తి చెవుల దగ్గర పెట్టాను,
పక్కింటి సంసారాలన్నీ విన్నాను.
ఒకావిడకి బాత్రూం దాకా తోడెళ్ళి
లంగా బొందు కూడా విప్పాను.
ఎవరిదో చెప్పను.

తొమ్మిదింటికి పులిహోర.
ఒకటే బేసిన్, పదకొండు నోళ్ళు.
పెళ్ళికొడుకు నాయనమ్మ మేవిస్
పోలీసులకి లొంగిపోయినట్టు చేతులు పైకెత్తి కూర్చుంది.
వేలికి ఇరుక్కుని రాని ఉంగరం చుట్టూ
ఫర్హానా పువ్వు గీసింది.
ఇంకొకరి చేతి ముద్ద ఎనభై ఏళ్ళలో తిన్నదో లేదో.
నా వేళ్ళకేసి చూసింది, నా మొహంకేసి చూసింది,
తీర్థం పుచ్చుకున్నంత జాగ్రత్తగా నోరు తెరిచింది.
ఎండుమిరపకాయ తగిలింది.
కళ్ళు తుడిచాను.
మళ్ళీ నోరు తెరిచింది.

ఆఖర్న మృదుల.
వీళ్ళమ్మా నాన్నా సాక్సు ఫ్యాక్టరీలో నైట్ షిఫ్టు చేసే రోజుల్లో
ఈ నోటికి ముద్దలు పెట్టింది నేనే.
అప్పుడూ ఇంతే, నమలదు, బుగ్గన దాస్తుంది.
"అత్తా, నువ్వు పెట్టుకోలేదేం?"
"మింగు ముందు" అన్నాను.

పదకొండింటికి అన్నయ్య అటకెక్కాడు.
రిటైరైన రోజున ఫ్యాక్టరీ వాళ్ళిచ్చిన సాక్సుల కట్ట దించాడు,
ఇన్నేళ్ళూ విప్పనిది.
ఒక్కొక్క చేతికీ ఒక్కొక్కటి తొడిగాడు,
మడమ కుట్టు సరిగ్గా వచ్చిందో లేదో
వెలుతురికి తిప్పి చూస్తూ.
కూతురి దగ్గర కాస్త ఎక్కువసేపు చూశాడు.

ఇప్పుడు రెండయింది.
హాల్లో చేతులకి సాక్సులతో అందరూ పడుకున్నారు,
తలకిందులుగా నడిచి అలిసిపోయినవాళ్ళలా.
వంటింట్లో గిన్నెలు తోమి, చేతులు తుడుచుకుంటుంటే
అన్నయ్య వచ్చాడు.
సూరీడమ్మత్త గిన్నెలో అడుగున మిగిలింది
చెంచాతో గీకాడు.
"ఏదీ, ఇటు పట్టు."
"నాకెందుకురా ఇప్పుడు?"
పట్టాను.

చందమామ గుండ్రంగా రాలేదు.
ఒక పక్క కొరికేసినట్టుంది.
సరిచెయ్యబోయి ఇంకా చెడగొట్టాడు.
వేళ్ళకి టోపీలు పెడుతుంటే
చిటికెన వేలి దగ్గర గిన్నె ఖాళీ.
"వాసన అదే కదూ" అన్నాడు.
అదే.

రెండో చేతికి లేదు.
మంచిదే అయింది.
మేడమీది నుంచి, నిద్రగొంతుతో:
"అత్తా! ముక్కు!"

ఎడమచేత్తో రెయిలింగ్ పట్టుకుని
కుడిచెయ్యి ఎక్కడా తగలకుండా ఎత్తి పట్టుకుని
మెట్లెక్కుతున్నాను.