ఇందులో ఏముంది

నాలుగేళ్ళు పిండాను ఆ సీసాని.
బాలరాట్‌లో, స్టర్ట్ వీధి చివర,
తెల్లారకుండానే తలుపు తీసే శాండ్‌విచ్ కొట్లో.
రొట్టె మీద కోడిముక్కలు, వాటి మీద ఆకులు,
ఆకుల మీద ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు
తేనెరంగు ఉల్లిపాయ సాసు.

ఆరుంపావుకి పాల లారీ దిగి డెస్ వచ్చేవాడు.
అందరికీ మూడు గీతలు, అతనికి ఆరు.
"ఏముంటుంది ఇందులో?" అనేవాడు
చలి గురించి అడిగినట్టు, రోజూ.
"సంచుల్లో వస్తుంది" అనేదాన్ని.
అబద్ధం కాదు. గురువారం గురువారం
మెల్‌బోర్న్ నుంచి సంచుల్లోనే వచ్చేది.
మూల కత్తిరించి సీసాలోకి వంచడమే నా వంట.

మార్చిలో కొట్టు మూతపడింది.
జూలైలో, సూపర్‌మార్కెట్‌లో రొట్టెల అరల దగ్గర కనబడ్డాడు,
ఏదో సాసు సీసా తిప్పి వెనకున్న సన్నక్షరాలు చదువుతూ.
"ఇది కాదు" అన్నాడు, పలకరింపైనా లేకుండా.
"ఇదీ కాదు."

శనివారం. కిటికీ అద్దం మీద మంచు
గోటితో గీకితే రాలుతోంది.
రెండు తెల్ల ఉల్లిపాయలు తురుముతున్నాను.
ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చెయ్యదంటారు గానీ
ఏ తల్లీ ఇంతసేపు ఏడిపించదు.

నీళ్ళు, పంచదార, వెనిగర్, చిటికెడు ఉప్పు,
వెల్లుల్లి ఒక్క రెబ్బ, ఆవపిండి గోరంత.
సన్నసెగ.
బుడగలు లేస్తుండగా నా కుడిచెయ్యి
నన్నడక్కుండా చింతపండు డబ్బా దాకా వెళ్ళింది.
ఆగు, అన్నాను దానితో.
ఇప్పుడు వదిలితే ఇంగువ అడుగుతావు,
తర్వాత కరివేపాకు,
ఆ తర్వాత నేను అన్నం వండాల్సొస్తుంది.

మొదటిది పులుసే అయింది.
ఆదివారం దోసెల్లో తిన్నాం. నీరద రెండుసార్లు వేయించుకుంది.
రెండోది ఎర్ర ఉల్లిపాయలతో. దగ్గుమందు రంగు.
మూడోదానికి మొక్కజొన్న పిండి చన్నీళ్ళలో కలిపి
సన్నగా పోస్తూ, తిప్పుతూ, తిప్పుతూ

"అదేనా?" అన్నాడు మా ఆయన.
గరిటె పెదవి దాకా వచ్చి ఆగింది.
ఏమని చెప్పను?
నాలుగేళ్ళలో ఒక్కసారీ తినలేదు నేను.
వెనకగదిలో బోర్లించిన పాల పెట్టె మీద కూచుని
ఇంటి నుంచి తెచ్చుకున్న నిమ్మకాయ పులిహోర తినేదాన్ని,
సగం ధర శాండ్‌విచ్ కూడా
పావుగంట జీతమని లెక్కేసుకుని.
వేళ్ళకంటితే తుడిచేసుకున్నాను తప్ప
నాకి చూడలేదు.

నాలుకకు తెలీదు.
మణికట్టుకు తెలుసు.
మూతికి సన్న బెజ్జమున్న ఖాళీ సీసాలో నింపి,
బల్ల మీద కాగితం పరిచి పిండాను.
జారింది. ఆకు మీద నిలవని జారు.
ఇంకో చెంచా పిండి.
ఈసారి బిగిసింది, సీసా దగ్గింది, ముద్దలు ఉమ్మింది.
మూతెడు వెనిగర్.
మళ్ళీ.
గీత పడింది. తెగకుండా,
మలుపు తిరిగేచోట కొంచెం లావై, మళ్ళీ సన్నగా.
చీకట్లో స్విచ్చు దొరికినట్టు
చెయ్యి గుర్తుపట్టింది.

చివర్న గసగసాలు. ఇక్కడివి నల్లవి.

బుధవారం, సూపర్‌మార్కెట్ వెనక, పాలు దించే చోట,
లారీ తలుపు తెరిచే ఉంచి
డెస్ వేలు ముంచి నాకాడు.
ఇంకోసారి ముంచాడు.
"ఏముంది ఇందులో?"

చెప్పాను.
ఉల్లిపాయలు, అన్నాను. పంచదార. వెనిగర్.
ఒక్కొక్కటీ, కొలతలతో సహా,
ఎక్కాలు అప్పజెప్పే పిల్లలా.
అతను లారీ ఇంజను ఆపేశాడు, వినడానికి.
గసగసాల దగ్గర ఇంగ్లీషు మాట గుర్తు రాలేదు.
సీసా వెలుతురుకెత్తి నల్ల చుక్కలు చూపించాను.

"అవా" అన్నాడు.
"ఇన్నాళ్ళూ మిరియాలనుకున్నా."