సున్నా, ఆ తర్వాత చుక్క

గొండార్ కొండ మీది మా పిల్లల వార్డుకి
కాలేజీ కుర్రాడొకడు ప్రశ్నల కాగితాలు పట్టుకొచ్చాడు.
మందులివ్వడంలో జరిగే తప్పుల గురించి
నర్సులకెంత తెలుసో కొలుస్తాడట.
ఇరవై అయిదు ప్రశ్నలు. పేరు రాయక్కర్లేదు.
టీ చల్లారేలోపే ముగించాను.

సరైన మనిషి, సరైన మందు, సరైన మోతాదు,
సరైన దారి, సరైన వేళ.
నిద్రలో లేపి అడిగినా చెప్తాను.
నిద్రలో లేపి అడిగితేనే కదా, బాబూ,
అసలు పరీక్ష.

ఆ రాత్రి వేళ తొమ్మిది.
మా గడియారం పొద్దుగూకిన దగ్గర్నుంచి లెక్కపెడుతుంది,
చార్టులో మాత్రం అది తెల్లవారుజాము మూడు.
ఆ రెండు లెక్కల మధ్య ఆరు గంటల వంతెన,
రాత్రంతా దాని మీదే మా నడక.
కరెంటు పోయింది. జెనరేటర్ రెండుసార్లు దగ్గి ఊరుకుంది.
ఫోను లైటు గడ్డం కింద ఇరికించుకుని
నాలుగో తొట్టె చార్టు తీశాను.
బిడ్డకి పేరు లేదు, బాప్తిజం నలభయ్యో రోజున.
"అల్గానెష్ కొడుకు" అంతే.
ఫిట్స్ మందు. 5 మి.లీ.

అయిదుకి ముందు చుక్క ఉంది.
కాగితం మడత దాన్ని మింగింది.
సున్నా ఉంటే కాపు కాసేది,
డాక్టర్ తెస్ఫామికాయెల్ తొందరలో సున్నా పెట్టలేదు.
నా చెయ్యి పెద్ద సిరంజి వెతికి మరీ తెచ్చుకుంది.
ఇంత బిడ్డకి అంత సిరంజి ఎందుకని
ఒక్క వేలూ అడగలేదు.

తొట్టె పక్కన నేల మీద, నెటెలా కప్పుకుని, తల్లి.
అక్షరం ముక్క రాదు.
"సిస్టర్, నిన్న ఇంత లేదు" అంది.
చిటికెన వేలి గోరు చూపించింది. "ఇంతే."
"నీకేం తెలుసు?" అన్నాను.
అన్నానా? అన్నాను. గట్టిగానే.
పక్క తొట్టెలో పిల్ల ఉలిక్కిపడి ఏడిస్తే
జోకొడుతూ నిలబడ్డాను.
నిలబడ్డాను గనక మళ్లీ చూశాను.
మడతని గోటితో సాపు చేశాను.

పట్టపగలు చుక్కలు కనిపించాయంటారే,
నాకు నడిరాత్రి ఒకే ఒక్క చుక్క కనిపించింది.
ఆవగింజలో అరవయ్యో వంతు.
నా నుదుటి నుంచి జారినది దానికన్నా పెద్దది.

మందు సింకులో పారబోశాను.
కొత్త సిరంజి, చిన్నది, సగం గీత దాకా.
తల్లి వంగి చూసి తలూపింది
నా పై అధికారిలా.
రిజిస్టర్లో ఏమీ రాయలేదు.
ఏం జరిగింది గనక, అనుకున్నాను.
ఆమెకి క్షమాపణ కూడా చెప్పలేదు,
మూడో రోజు డిశ్చార్జి అయి వెళ్లిపోయింది.

కుర్రాడు పచ్చ పెన్నుతో దిద్దాడు.
పేరు లేని కాగితం పైకెత్తి నా పేరే పిలిచాడు:
"సిస్టర్ యెషిమెబెత్, ఇరవై అయిదుకి ఇరవై అయిదు!"
వాడి మొహంలో ఆనందం చూసి ఊరుకుందామనుకున్నాను.
కాగితం వెనక్కి అడిగాను. తిరగేశాను.

ఇరవై ఆరు:
అడ్డు చెప్పిన మనిషితో నువ్వేమన్నావు?

కింద, పదకొండేళ్ల కిందటి తేదీ.
వేళ, రెండు లెక్కల్లోనూ.
నాలుగో తొట్టె. తల్లి పేరు.
ఆవిడన్న మాట, నేనన్న మాట.
ఆపైన మోతాదు, నెమ్మదిగా:
సున్నా,
ఆ తర్వాత చుక్క,
ఆ తర్వాతే అయిదు.

"దీనికి మార్కులు ఎలా వెయ్యాలి?" అన్నాడు కుర్రాడు.
మందుల వేళయింది.
లేచాను.