గురువారం రా

ఉత్తరం నాలుగుసార్లు రాశాను.
మొదటిదానిలో మరీ వంగిపోయాను,
రెండోదానిలో మరీ నిక్కాను,
మూడోది చదువుకుంటే
పని అడుగుతున్నానో అప్పు అడుగుతున్నానో
నాకే తెలియలేదు.
చివరికి రెండే వాక్యాలు మిగిలాయి:
నా పేరు తేక్లె.
వంతెనల పని మీ దగ్గర నేర్చుకోవాలని ఉంది.

పదకొండు రోజులకు జవాబొచ్చింది.
"మంగళవారం. రియోని మీద పాత ఇనుప వంతెన. కింద."

ఆ 'కింద' దగ్గర
కళ్లు చాలాసేపు ఆగిపోయాయి.

కుతైసిలో మార్చి వాన
కురిసినట్టూ ఉండదు, ఆగినట్టూ ఉండదు.
అక్క కోటు తొడుక్కున్నాను, భుజాల దగ్గర వదులు.
సంచిలో నోటుపుస్తకం, అందులో పద్నాలుగు ప్రశ్నలు,
ముఖ్యమైనవాటి కింద ఎర్రగీత.
ఉత్త చేతులతో పోకూడదని
మూల మీది బేకరీలో ఖాచాపురి కొన్నాను.
గట్టు దిగేసరికి కాగితమంతా నూనె,
నా అరచెయ్యంతా చెమట.

నలభై ఏళ్లు వంతెనల నాడి చూసిన మనిషి
పొడుగ్గా ఉంటుందనుకున్నాను, ఎందుకో.
నానులి నా భుజం దాకా కూడా రాలేదు.
మగవాళ్ల రబ్బరు బూట్లు, నుదుటి మీద దీపం,
చేతిలో సుత్తి.
వచ్చేదారిలో బట్టీపట్టిన నమస్కారం
సగం పలికానో లేదో
"ఈ మేకు తలమీద వేలు పెట్టు" అంది.
పెట్టాను.
అవతలి వైపు నుంచి కొట్టింది.
"ఏం తెలిసింది?"
చల్లగా ఉందని చెప్పాను.
నవ్వలేదు. ఇంకోటి కొట్టింది. ఇంకోటి.

తల మీదుగా లారీ పోయింది,
దూలాల దుమ్ము నా మెడలో రాలింది.
ఇనుములో ఏదో మూలిగింది,
అది వంతెనో నా కడుపో చెప్పలేను.

పద్నాలుగు ప్రశ్నల్లో
ఒక్కటి మాత్రం నోరు దాటింది:
"మీరు మొదట ఎవరి దగ్గరికి వెళ్లారు?"

సుత్తి ఆగింది.
"ఒక పెద్ద ఇంజనీరు దగ్గరికి.
కాఫీ తెమ్మన్నాడు. రెండేళ్లు తెచ్చాను."
ఖాచాపురి అంచు తుంచుకుని,
"కాఫీ బాగా పెడతాను" అంది.

ఇరవై మూడో మేకు దగ్గర
నా వేలి కింద ఒక వణుకు.
ఈగ రెక్క విదిల్చినంత.
ఉందా, ఉందనుకున్నానా?
ఉందంటే మెచ్చుకుంటుందేమో.
లేదంటే, రేపు దీనిమీద బడిపిల్లల బస్సు వెళ్తుంది.

"తెలియడం లేదు" అన్నాను.
"మళ్లీ కొట్టండి."

మళ్లీ కొట్టింది. చూసింది నన్ను, మొదటిసారి,
దీపం నా కళ్లలో పడేలా.
జేబులోంచి సుద్దముక్క తీసి
నా చేతిలో పెట్టింది.
వంకరగా ఒక సున్నా చుట్టాను ఆ మేకు చుట్టూ.
అది తప్పో ఒప్పో ఇప్పటికీ చెప్పలేదు.
"గురువారం రా. ఆ కోటు వద్దు.
పుస్తకం కూడా వద్దు."

తిరుగు వ్యాన్‌లో కిటికీ పక్క కూర్చున్నాను.
సుద్ద ఇంకా వేళ్లకుంది, కడుక్కోలేదు.
ముందు సీటు ఇనుప కడ్డీ మీద
ఒక వైపు వేలు ఆనించి
రెండో వైపు ఇంటి తాళంచెవితో కొట్టాను.
టంగ్.
ముందున్న పెద్దాయన వెనక్కి తిరిగి చూశాడు.
క్షమించమన్నాను.
ఆయన అటు తిరగ్గానే
ఇంకొక్కసారి.